సామర్లకోట లక్కపురుగు: సూక్ష్మదర్శనంలో నైతిక ప్రశ్న

నన్నయ రాజమహేంద్రవరంలో తెనిగించిన ఆదిపర్వంలో లక్కయిల్లు దగ్ధమైనప్పుడు పాండవులు బయటపడతారు. నిషాదస్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు ఆహుతవుతారు. కథ వారికి పేర్లివ్వదు. ప్రబంధనాయికల పాదాలకు శోభనిచ్చే లత్తుక విషయమూ ఇటువంటిదే. ఎరుపు వర్ణనకెక్కింది; దానికి మూలమైన పురుగు వెలుపలే మిగిలింది.

ఆ పురుగును సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బరో పరిశీలించాడు. కొండల నుండి తెప్పించిన లక్క కొమ్మలను గాజుపాత్రలలో ఉంచి, వాటినుండి వెలువడిన అతిసూక్ష్మమైన ఎర్రని పిల్లపురుగులను గమనించాడు. ఆ వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’లో చిత్రఫలకంతో వెలువడింది. రాబర్ట్ హుక్ ‘మైక్రోగ్రాఫియా’ (1665)లో పేనును పెద్దదిగా చూపిన సంప్రదాయమే ఇందులోనూ కొనసాగింది.

ఇటువంటి చిత్రం అనేక పరిశీలనల సమాహారం. కంటితో సరిచూసుకోలేని పాఠకుడు పరిశీలకుని నిజాయితీని నమ్మవలసివస్తుంది. కనుక అల్పమైనదాన్ని పెద్దదిగా చూపడంలో నైతిక బాధ్యత ఇమిడి ఉంది.

అయితే ఆ బాధ్యత ఎంతవరకు? రాక్స్‌బరో ‘కోరమాండల్ తీర మొక్కలు’ (1795–1820) గ్రంథంలోని 300 ఫలకాలకు ఆధారమైన చిత్రాలను స్థానిక చిత్రకారులు గీశారు; ఫలకాలపై వారి పేర్లు లేవు. ఆకు ఈనెను సైతం వదలని చూపు, దాన్ని గీసిన చేతిని వదిలివేసింది. లక్క ఆనాడు విలువైన వ్యాపారద్రవ్యం కూడా. పురుగుపై కలిగిన శ్రద్ధను ఆ ప్రయోజనం నుండి పూర్తిగా వేరుచేయలేం.

కటకం చూపుమేరను పెంచుతుంది. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయం మాత్రం చూసేవానిదే. లక్కయింటి కథను చదివే విమర్శకునికీ ఈ నియమం వర్తిస్తుంది.