చేనుకు వెళ్లినా శీలం మనతోనే





ఆదివారం విహారంలో కూర్చుని పంచశీల చెప్పుకుంటాం. ప్రాణహింసకు దూరంగా ఉంటామన్నది మొదటి శీలం. సోమవారం పొద్దున్నే చేనుకు పోయి పత్తికి మందు కొడతాం. పురుగు చస్తుంది. మరి శీలం తప్పినట్టా? ఇది దాటేయాల్సిన ప్రశ్న కాదు. నిలబడి జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

దీనికి బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో దారి చూపించారు. బుద్ధుడు అహింసను ఒక సూత్రంగా చెప్పాడే తప్ప గుడ్డి నియమంగా పెట్టలేదన్నారు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలన్న కోరికతో చంపడం వేరు అని విడదీశారు. కాబట్టి పంటను కాపాడుకునే రైతు పాపి కాడు. నాగలి వదిలేసి కూర్చోమని ధమ్మం చెప్పదు.

అయితే ఆ మాటను సాకుగా వాడుకోకూడదు. అవసరం అంటే నిజంగా అవసరమే కావాలి. మందుల షాపాయన చెప్పాడని, పక్క చేనాయన కొట్టాడని, పురుగు కనపడకముందే కొట్టేది అవసరం కాదు, అలవాటు. అవసరానికీ అలవాటుకీ మధ్య గీత ఎక్కడుందో చూసుకోవడమే రైతు శీలం.

పైగా మందు పురుగుతో ఆగుతుందా? ట్యాంకు వీపున మోసేది ఎవరు? 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చిన్న రైతులున్నారు, కూలీలున్నారు. అది మన ఆదిలాబాద్‌కు పక్క జిల్లా. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న నాగపూర్ ఉన్న విదర్భ ప్రాంతమే అది. 2013లో బీహార్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటలో కలిసింది మోనోక్రోటోఫాస్. మన ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో ఆ డబ్బా మంచం కిందే ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

సిద్ధార్థుడు చిన్నతనంలో తండ్రి పొలానికి వెళ్లి, మండే ఎండలో చాలీచాలని బట్టలతో పనిచేసే కూలీలను చూశాడని బాబాసాహెబ్ రాశారు. ఒక మనిషి కష్టాన్ని ఇంకొకరు దోచుకోవడం న్యాయమేనా అని స్నేహితులను అడిగాడట. ఇవాళ ఆయన మన చేనుకు వస్తే, చేతికి తొడుగు లేకుండా, మూతికి గుడ్డ లేకుండా మందు కొట్టే మనిషిని చూసి అదే ప్రశ్న అడుగుతాడు. ఆ కూలీని పెట్టుకున్నది మనమే అయితే జవాబు కూడా మనమే చెప్పాలి. సమ్యక్ జీవనం అంటే నా బతుకు ఇంకొకరి ప్రాణం మీద నడవకుండా చూసుకోవడం.

"మందులు మానేస్తే మళ్లీ పేడ, మూత్రం అంటారు. పేడ ఎత్తే బతుకు నుంచే కదా బయటపడ్డాం? గోపూజ దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుంది" అని కొందరు అంటున్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. దొర దొడ్లో పేడ ఎత్తింది మన అమ్మలే. జీతం ఉన్నది మన నాయనలే. ఆ ఊరి కట్టుబాటులోకి మనం తిరిగిపోయేది లేదు. కానీ కాలాములకు బుద్ధుడు ఏం చెప్పాడు? గ్రంథంలో ఉందని నమ్మొద్దు, పెద్దలు చెప్పారని నమ్మొద్దు, పరీక్షించి చూసుకోమన్నాడు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి రెండు రోజులు పులియబెడితే జీవామృతం. అందులో పనిచేసేది పవిత్రత కాదు, సూక్ష్మజీవులు. బొట్టు పెట్టక్కర్లేదు, మంత్రం చదవక్కర్లేదు. దొర దొడ్లో పేడ ఎత్తడం వెట్టి. మన నేలకు మన చేత్తో ఎరువు చేసుకోవడం స్వతంత్రం.

ఇది గాలి మాట కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. జొన్న, కొర్ర, సామ, కంది ఒకే చేనులో కలిపి పండిస్తారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ అవార్డు వచ్చింది. విత్తనం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడని స్త్రీ కంటే పెద్ద ఆత్మగౌరవం ఏముంది?

ఇక కరెంటు సంగతి. సోలార్ మోటారు పెట్టుకుంటే డీజిల్ ఖర్చు లేదు, పొగ లేదు. రాత్రి పూట మోటారు వేయడానికి పోయి పాము కాటుకు గురయ్యే భయం లేదు. 2019లో మొదలైన కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తే మిగతాది రైతు పెట్టుకోవాలని లెక్క. మంచిదే. కానీ ఎండ ఉచితం కదా అని పొద్దంతా మోటారు వదిలేస్తే పక్క రైతు బోరు ఎండిపోతుంది. అప్పుడు అది శుభ్రమైన కరెంటుతో చేసిన అన్యాయం అవుతుంది. రోహిణీ నది గుర్తుందా? ఆ నీళ్లు ముందు ఎవరు వాడుకోవాలని శాక్యులూ కోలీయులూ కొట్టుకున్నారు. సిద్ధార్థుడు ఆ యుద్ధాన్ని ఒప్పుకోలేదు. ఆ కారణంగానే ఇల్లు వదిలాడని బాబాసాహెబ్ రాశారు. మన బోర్ల కింద ఉన్న నీరు మనందరి రోహిణి. దాన్ని పంచుకోవడం నేర్వకపోతే ఏ పలకలు పెట్టినా ధమ్మం కాదు.

ఒక్క రోజులో అంతా మార్చేయమని చెప్పడం లేదు. మందులు మానిన మొదటి ఒకటి రెండేళ్లు దిగుబడి తగ్గొచ్చు. అప్పు మీదున్న రైతుకు, కౌలు కాగితం లేని రైతుకు అది మోయలేని బరువు. అందుకే మధ్యమ మార్గం. రెండెకరాలుంటే ముందు అరెకరంలో చేయండి. తిండి పంట నుంచి మొదలుపెట్టండి. ఖర్చెంత, రాబడెంత నోట్‌బుక్‌లో రాయండి. వర్షావాసంలో విహారంలో కూర్చున్నప్పుడు ఆ లెక్క నలుగురికీ చదివి వినిపించండి. పది ఇళ్లు కలిసి ఏ బోరు ఎన్ని గంటలు నడవాలో మాట్లాడుకోండి. కౌలు గుర్తింపు కార్డు కోసం, సబ్సిడీ కోసం కలిసి ఆఫీసుకు పోండి. ఒక్కడే పోతే తిప్పుతారు, సంఘం పోతే కూర్చోబెడతారు.

శీలం విహారంలో చెప్పే మాట మాత్రమే అయితే అది పూజ అవుతుంది. చేనులో చేసే పని అయితే ధమ్మం అవుతుంది.

జై భీం. నమో బుద్ధాయ.