దీనా అంటే న్యాయం

దీనా అనే పేరు వినగానే తెలుగు చెవికి 'దీనురాలు' గుర్తొస్తుంది. ఆ మాటకీ ఈ పేరుకీ ఏ చుట్టరికమూ లేదు. హీబ్రూలో 'దీన్' అంటే తీర్పు, న్యాయం. ఆదికాండములో లేయా, యాకోబుల కూతురి పేరు దీనా.

ఆ పుస్తకంలో పేర్లు ఊరికే పెట్టరు. దీనా కంటే ముందు పుట్టిన పదిమంది అన్నలకీ ఆ పేరే ఎందుకో ఒక కారణం ఉంటుంది. దాను అనే అన్న పేరుదీ ఇదే ధాతువు: దేవుడు తనకి తీర్పు తీర్చాడని రాహేలు ఆ పేరు పెట్టింది. దీనా దగ్గరికొచ్చేసరికి కారణం లేదు. కూతురు పుట్టింది, పేరు పెట్టారు, అంతే.

34వ అధ్యాయంలో దీనా ఆ దేశపు ఆడపిల్లల్ని చూడ్డానికి బయటికెళ్తుంది. హమోరు కొడుకు షెకెము ఆమెను చెరుస్తాడు. ఆ తర్వాత ప్రేమ అంటాడు, కట్నం ఎంతైనా ఇస్తానంటాడు. మీ మగాళ్లంతా సున్నతి చేయించుకుంటే సరేనని అన్నలు మాయమాట చెప్తారు. మూడో రోజు, వాళ్లింకా నొప్పితో ఉండగా, షిమ్యోను, లేవి కత్తులతో వెళ్లి మగవాళ్లందర్నీ చంపేస్తారు. దీనా అప్పటిదాకా షెకెము ఇంట్లోనే ఉందని మనకి తెలిసేది అక్కడే.

అన్నల కోపాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. తండ్రి విని ఊరుకున్నాడు. చివర్లో నోరు విప్పినా, చుట్టుపక్కల వాళ్లతో ఇక ఎలా బతకాలన్నదే ఆయన భయం. కనీసం అన్నలకి మండింది. కానీ ఆ ఊరి ఆడవాళ్లనీ పిల్లల్నీ చెరపట్టి తీసుకుపోయారు. దీనా చూడ్డానికి బయల్దేరింది వాళ్లనే కదా! ఇదంతా ఆమె కోసమేనట. ఆమెను అడిగినట్టు ఒక్క మాట లేదు. మన దగ్గర దీన్ని పరువు అంటాం.

1997లో అనీతా డయమంట్ 'ది రెడ్ టెంట్' నవలలో కథంతా దీనా చేతే చెప్పించింది. అక్కడ అది అత్యాచారం కాదు, ప్రేమ. ఆమెకో గొంతు దొరికిందని సంతోషమే. అయితే ఆ గొంతు కోసం జరిగిన అన్యాయాన్నే చెరిపేయాల్సి వచ్చిందా అని నాకు ఇబ్బందిగా ఉంటుంది. చెరచబడిన అమ్మాయిగానే, తన నోటితో, ఆమె ఏమని ఉండేది?

ఆదికాండములో ఆమె పేరు మళ్లీ ఒక్కసారే, 46వ అధ్యాయంలో, ఐగుప్తుకి వెళ్లినవాళ్ల జాబితాలో వస్తుంది. షిమ్యోను, లేవి పేర్లూ అందులోనే ఉన్నాయి.