దేహము ప్రమాణమగునా?

విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రుడను రాజు ప్రతిమాలక్షణమును తెలుపుమని మార్కండేయ మహర్షి నడుగగా, చిత్రసూత్ర మెరుగనివానికి ప్రతిమాలక్షణము తెలియరాదనియు, నృత్తశాస్త్ర మెరుగనివానికి చిత్రసూత్రము దుర్జ్ఞేయమనియు, వాద్యము లేక నృత్తమును, గీతము లేక వాద్యమును బోధపడవనియు మహర్షి ప్రత్యుత్తరమొసగెను. కళల పరస్పరబంధమునకు ఈ సంవాదమును ఉదాహరించుట పరిపాటి. నాకు మాత్రమిందు జ్ఞానమును గూర్చిన ప్రశ్నయే ప్రధానముగ కానవచ్చుచున్నది: చిత్రకారుని హస్తమును నర్తకుని పాదమును తెలిసినదానిని ప్రదర్శించు పరికరములేనా, లేక తెలియనిదానిని అన్వేషించు సాధనములును అగునా? ప్రత్యక్షానుమానోపమానశబ్దములను ప్రమాణములుగ గణించిన నైయాయికులు అభ్యాసమునకు వేరొక పీఠము వేయలేదు.

చిత్రసూత్రము రూపము నిలుచు తొమ్మిది స్థానములను (భంగిమలను), అవయవముల క్షయవృద్ధులను (తగ్గుదల పెరుగుదలలను) విధించుచున్నది. ప్రక్కకు తిరిగిన భుజమెంత క్షయింపవలెనో కొలతల వలన కొంత తెలియును. తిరుగు శరీరపు బరువెచ్చట నిలుచునో నృత్తమెరిగిన కంటికే తెలియును.

దేహము అన్వేషణసాధనమగుననుటకు మన తెలుగుదేశముననే దృష్టాంతము కలదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి (గజసైన్యాధిపతి) యగు జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళియందు పేరణి (పేరిణి) యను నర్తనముయొక్క లక్షణము కలదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మింపించిన రామప్పగుడి స్తంభములపైనను, నల్లరాతి మదనికల యందును నర్తనభంగిమలు నిలిచియున్నవి. ఈ రెంటిని ఆధారము చేసికొని నటరాజ రామకృష్ణగారు ఇరువదవ శతాబ్దమున పేరిణి శివతాండవమును పునరుద్ధరించిరి. గ్రంథము చలనమును మాటలలో వర్ణించును, శిల్పము ఒక్క క్షణమును పట్టి చూపును; ఒక భంగిమనుండి వేరొక భంగిమకు పోవునపుడు ఊపిరి యెచ్చట నిలుపవలెనో, మడమ యెపుడు నేల తాకవలెనో రెండును పూర్తిగ చెప్పజాలవు. దానిని నర్తకుడే వెదకవలెను: మోకాలు వంచి, భారమును పాదమునుండి పాదమునకు మార్చి, మృదంగగతికి పొసగునో లేదో చూచి, పొసగనిదానిని విడిచి, మరల మొదలిడవలెను. శరీరము కాదనిన యూహ యెంత రమ్యమైనను నిలువదు. ఇది పరిశోధనము కాక మరేమి?

శివారాధనమగు నర్తనమున శోధనకు తావెక్కడిదని కొందరందురు. శివునికి సమర్పించు అడుగు తప్పని యెరిగియు ఊరకుండుట భక్తి యెట్లగును?

ఐనను ఈ శోధనమువలన కాకతీయుల కాలమున సరిగ ఇట్లే యాడిరని సిద్ధింపదు. ఇట్లాడుట సాధ్యమని మాత్రమే సిద్ధించును. ఈ భేదమును మరచి నూతనకల్పనమును పురాతనమని చాటుట అపచారము. సాధ్యాసాధ్యముల యెరుకను అల్పమని త్రోసివేయుట అంతకు మించిన అన్యాయము. నర్తకులు తాము గ్రహించిన విన్యాసములతోపాటు, విడిచినవానిని గూడ కారణసహితముగ వ్రాసియుంచిన, రాబోవు శిష్యుడు వానిని తన దేహముతో మరల పరీక్షింపగలడు.