పుట్టినింటికి పూజ వలయునా?

దేశమునేలిన పెద్దల బాల్యగృహములను ప్రదర్శనశాలలుగా నిలుపుట ఆచారమైనది. ప్రయాగలోని ఆనందభవనమును ఇందిరాగాంధి 1970లో జాతికి సమర్పించెను. రాజకోటలో గాంధిమహాత్ముడు పెరిగిన ఇంటిని జనులు నేటికిని దర్శించుచున్నారు. ఇందు దోషము లేదు. ఆ గదులు చరిత్రకు సాక్షులు.

కాని మదనపల్లెలో ఒక ఇల్లు ఈ ఆచారమునే ప్రశ్నించుచున్నది. 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి అచట జన్మించెను. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ పూజాగదిలోనే ప్రసవింపగోరెననియు, అట్లే జరిగెననియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. పురుడు మైలయనియు, దేవునిగది మడియనియు వేరుపరచిన కాలమది. ఆ సాహసమెంతటిదో మన గృహిణులకు చెప్పనక్కరలేదు.

తల్లి ఒక గీటు దాటగా, బిడ్డ మరియొక గీటు చెరిపెను. దివ్యజ్ఞానసమాజమువారు ఆయనను జగద్గురువుగా నిలుపదలచి నక్షత్రసంఘమును కల్పించిరి. తానే అధిపతియైన ఆ సంఘమును 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్‌లో ఆయనయే రద్దుపరచెను. గురుపీఠములను ఆశ్రయింపవలదని 1986లో కనుమూయువరకు బోధించెను.

అట్టివాని పుట్టినింటిని కాపాడుట ఆయన మాటకు ద్రోహము కాదా? కాదనియే మా తలంపు. గోడలు కూల్చినంతమాత్రమున భక్తి కూలదు. ఇల్లు లేకున్న పటమును, పటము లేకున్న పాదుకలను వెదకికొందుము. అంధభక్తి గోడలలో లేదు, వంగుటకు అలవడిన మెడలో నున్నది. ఇల్లు నిలిచియున్నచో బాలునికొక మేలు కలదు: ఊరినడుమ ఇట్టి ఇంటిలో పుట్టినవాడు స్వతంత్రముగా ఆలోచింపగలిగెను, తానేల ఆలోచింపరాదని వానికి తోచును.

అయినను కాపాడుట వేరు, కొలుచుట వేరు. తాతగారి పటమునకు దండవేసి, ఆయన మాటను అటకపై పెట్టుట మనమెరుగనిదా? వీరేశలింగము పంతులుగారిని జయంతినాడు కొనియాడి, ఇంటిలోని వితంతువును పెండ్లిపందిటికి దూరముగా నిలుపువారు నేటికిని కలరు. మేమును ఒకప్పుడు అట్టి పందిటిలో నోరు మెదపక కూర్చుండినవారమే. ఆనాడు మాకు పంతులుగారి పుస్తకములు లేకపోలేదు, ధైర్యము లేకపోయెను.

కావున మదనపల్లెలోని ఆ ఇంటికి పోవువారు దండలు కొనిపోనక్కరలేదు. మరలివచ్చి, తమ ఇంటిలో ఎవరిని గడపకావల నిలిపిరో ఒక్కమారు చూచుకొందురు గాక. చూచి లోనికి పిలిచినచో, ఆ గోడలు నిలిచినందుకు ఫలము దక్కినట్లే.