మన పేరు ఎవరు అడుగుచున్నారు? ఎందుకు?

ధ్యాన భాగములు: మత్తయి 2:1-16, న్యాయాధిపతులు 12:4-6, అపొస్తలుల కార్యములు 22:24-29





షోళింగనల్లూరులోను, పాత మహాబలిపురము రోడ్డు పొడవునను మన తెలుగువారు చాలామంది ఉన్నారు. కొందరు కంప్యూటర్ కంపెనీలలో ఉద్యోగులు. మరికొందరు ఆ కంపెనీల భవనములు కట్టిన మేస్త్రీలు, కూలీలు. ఉద్యోగి మెడలో ఒక కార్డు వ్రేలాడును. కూలివాని జేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డు ఉండును. ఇల్లు అద్దెకు కావలెనన్నా, గ్యాసు కావలెనన్నా ముందు అడిగేది దాని జిరాక్సే. ఈ కార్డును గూర్చి విశ్వాసులలో రెండు మాటలు వినబడుచున్నవి. ఇది ప్రకటన గ్రంథములోని మృగము ముద్ర అని కొందరందురు. తప్పు చేయనివానికి భయమెందుకని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలేనని నా తలంపు.

ముద్ర సంగతి ముందు చూతము. ప్రకటన 13వ అధ్యాయములోని ముద్ర ఆరాధనకు సంబంధించినది. మృగమునకు మ్రొక్కినవారి గురుతు అది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామములో మొదటి ఆధార్ నంబరు ఇచ్చినప్పుడు ఎవరినీ దేనికిని మ్రొక్కుమనలేదు. ఆ 12 అంకెలలో 666 కొరకు వెదకుట వ్యర్థము. 2016 నాటి ఆధార్ చట్టము ప్రకారము నమోదులో మతము, కులము, భాష, ఆదాయము చేర్చకూడదు కూడా. (కుల ధ్రువీకరణ పత్రము సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన బాప్తిస్మము పొందిన దళితుడు ఏమి పోగొట్టుకొనునో మన సంఘములలో తెలియని ఇల్లు అరుదు. దానిని గూర్చి వేరొకసారి వ్రాయవలెను.)

అయితే ఆ అధ్యాయములోనే ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అని ఉన్నది. అన్నము ఆపివేయగల అధికారము ఆ మృగము చేతిలో ఉండెను. అక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. తమిళనాడు 2020 అక్టోబరులో ఒకే దేశము, ఒకే రేషన్ కార్డు పథకములో చేరినది గనుక, శ్రీకాకుళపు కార్డు ఉన్న మన సహోదరుడు ఈ ఊరి దుకాణములోనే బియ్యము తీసికొనవచ్చును. వలసవానికి అది మేలే. ఆ మేలు ఈ నంబరు వలననే కలిగినది. కాని యంత్రము మీద వ్రేలు పెట్టవలెను. సిమెంటులో చేతులు పెట్టి పనిచేయువాని వ్రేళ్లు, ఇరవై యేండ్లు ఇండ్లలో అంట్లు తోమిన తల్లి వ్రేళ్లు అరిగిపోయి ఉండును. యంత్రము ఆమెను ఎరుగననును. ఎవరు ఎక్కువ కష్టపడిరో వారినే అది గుర్తుపట్టదు! యెషయా 49:16లో దేవుడు తన ప్రజలను తన అరచేతులమీదనే చెక్కుకొనెనని చదువుచున్నాము. ఆయన మన వ్రేళ్ల గీతలు చూచి మనలను గుర్తుపట్టవలసిన పని లేదు.

ఇక రెండవ మాట, తప్పు చేయనివానికి భయమెందుకు?

బేత్లెహేము వెళ్లి చూడుడి. యోసేపు కూడ మనవలె వేరొక ఊరిలో పని చేసికొనుచున్నవాడే. కైసరు ఆజ్ఞ రాగానే నిండు చూలాలిని వెంటబెట్టుకొని స్వంత ఊరికి పోయి పేరు వ్రాయించుకొనెను. తిరుగుబాటు చేయలేదు. అది లూకా చెప్పిన సంగతి. మత్తయి మరొక సంగతి చెప్పుచున్నాడు. హేరోదు జ్ఞానులను రహస్యముగా పిలిపించి, నక్షత్రము కనబడిన కాలము అడిగి తెలిసికొనెను. తానును పూజింప గోరుచున్నానని చెప్పెను. వారు మంచి మనస్సుతో చెప్పిరి. ఆ కాలమును బట్టియే అతడు రెండేండ్లలోపు మగపిల్లలను చంపించెను. ఆ పసివారు ఏ తప్పు చేసిరి? ఒక పనికని అడిగిన వివరము వేరొక పనికి వాడబడెను. పేరు ఇచ్చునప్పుడు ఎవరికి, ఎందుకు, ఎంతకాలము అని అడుగుట అవిశ్వాసము కాదు.

అయినను భద్రత అక్కరలేదని నేను చెప్పను. 2008 నవంబరు 26న ముంబయికి హంతకులు సముద్రము మీదుగానే వచ్చిరి. మనమును సముద్రము ఒడ్డుననే ఉన్నాము. అధికారులు మేలు కొరకు దేవుని పరిచారకులని రోమా 13 చెప్పుచున్నది. 2012 జనవరి, ఫిబ్రవరి నెలలలో మన ప్రక్కనే ఉన్న పెరుంగుడిలో ఒక బ్యాంకు, కీళ్కట్టళైలో మరొక బ్యాంకు దోపిడీకి గురియైనవి. ఫిబ్రవరి 23న వేళచ్చేరిలో అనుమానితులైన అయిదుగురు ఉత్తరాదివారు పోలీసు కాల్పులలో చనిపోయిరి. ఆ తరువాత అద్దెకున్నవారి వివరములు ఇంటి యజమానులు పోలీసు స్టేషనులో ఇయ్యవలెనని ఉత్తర్వు వచ్చెను. దొంగలను పట్టవలసినదే. కాని అటువంటి దినములలో భాష వేరైన ప్రతివాడును దొంగయేమో అని చూడబడును. యెఫ్తా కాలములో యొర్దాను రేవులయొద్ద గిలాదువారు ఒక్క మాట పలికించి, నాలుక తిరగనివానిని పట్టి చంపిరి. నలువది రెండువేలమంది పడిరి. వారును ఇశ్రాయేలువారే! తమిళ దేశములో తెలుగు యాసతో మాటలాడు మనకు ఈ కథ ఇతరులకంటె బాగుగా అర్థము కావలెను. బీహారునుండి, ఒడిశానుండి వచ్చిన పిల్లవానిని మన గేటులో నిలిపి కార్డు అడుగునప్పుడు ఇది జ్ఞాపకముంచుకొనుడి.

మన దేశ న్యాయస్థానము కూడ ఈ రెండు తట్లను తూచి చూచినది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు వృద్ధాప్యములో, 2012లో దావా వేసిరి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చిరి. 2018 సెప్టెంబరు 26న అయిదుగురిలో నలుగురు ఆధార్ చెల్లునని, రేషనుకు, పాన్ కార్డుకు కావలెనని, బ్యాంకు ఖాతాకు, ఫోనుకు నిర్బంధము చేయరాదని చెప్పిరి. జస్టిస్ చంద్రచూడ్ గారు ఒక్కరే చట్టమంతయు చెల్లదనిరి. 2019 సవరణ తరువాత బ్యాంకుకు, ఫోనుకు ఇష్టముంటే ఇయ్యవచ్చును. ఇష్టము అను మాట ముఖ్యము.

షోళింగనల్లూరు ప్రక్కన పారే బకింగ్‌హాం కాలువను ఎప్పుడైన చూచితిరా? ఇప్పుడు మురుగు కంపు కొట్టుచున్నది గాని, మన చరిత్రలో దానికి చోటున్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చెను. వారిలో అనేకులు బాప్తిస్మము ఇమ్మని అడిగిరి. ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. అన్నము కొరకు పేరు వ్రాయించుకొందురేమో అని ఆపెను. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము ప్రతి జూబిలీలోను చెప్పుకొందుము. దానికి ముందు ఆయన ఓపికపట్టిన ఆ నెలలను గూర్చి అంతగా చెప్పుకొనము. ఆకలిని అడ్డుపెట్టుకొని పేరు తీసికొనలేదు ఆయన.

పౌలు సంగతి కూడ చూడుడి. కొరడాలతో కొట్టుటకు వారులతో కట్టినప్పుడు, విచారణ లేకుండ రోమీయుని కొట్టుట న్యాయమా అని శతాధిపతిని అడిగెను. పౌరసత్వమును తన రక్షణకు వాడుకొనెను, సిగ్గుపడలేదు. మన పౌరస్థితి పరలోకమందున్నదని ఫిలిప్పీయులకు వ్రాసినవాడును ఆయనే.

గనుక సంఘ పెద్దలకు ఒక మనవి. వ్రేళ్లు పడని వృద్ధులకు కంటిపాప ద్వారా గాని, ఫోనుకు వచ్చు సంఖ్య ద్వారా గాని గుర్తింపు చేయించుకొనవచ్చును. యంత్రము కాదన్నంత మాత్రమున బియ్యము లేదనరాదు. చదువుకొన్న యౌవనస్థులు ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట కూర్చుండి, అటువంటి తల్లుల వివరములు సరిచేయించవలెను, అవసరమైతే దుకాణమునకు తోడు పోవలెను. ఇంటివారు జిరాక్సు అడిగినప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ఇయ్యవచ్చునని వారికి చూపవలెను. ఆ ప్రతి మీద తేదీయు, ఇచ్చిన కారణమును వ్రాసి సంతకము పెట్టుట నేర్పవలెను.