మందు మీద లాభం ఎంతవరకు ధర్మం?

అంగట్లో బేరం కుదరకపోతే కొనేవాడు లేచి వెళ్లిపోవచ్చు. మందుల షాపులో ఆ వీలు లేదు. ఏ మందో నిర్ణయించేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. ప్రాణభయంతో నిలబడ్డవాడి దగ్గర ఎంత లాభం తీసుకుంటే న్యాయం? వైద్యాన్ని అంగడి సరుకు చెయ్యొద్దని చరక సంహిత ఏనాడో హెచ్చరించింది.

ఈ ధర్మసందేహం 2012లో చట్టం ముందుకు వచ్చింది. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లు ముదిరినవారికి వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో అమ్మేది. నెల మందు ఖర్చు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. అదే మందును 8,800కు ఇస్తామని హైదరాబాదులోని నాట్కో ముందుకొచ్చింది. మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ అనుమతించారు. మన దేశంలో అదే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మరొకరు ఆ మందు తయారుచేసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి. బేయర్ పేటెంటు రద్దు కాలేదు, అమ్మకాల్లో 6 శాతం రాయల్టీ ఇవ్వాలన్నారు, తర్వాత అది 7 శాతమైంది.

లాభం లేకపోతే కొత్త మందులు ఎవరు కనిపెడతారన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఏళ్ల తరబడి పరిశోధన, మధ్యలో ఎన్నో వైఫల్యాలు. ఆ శ్రమకు ప్రతిఫలం దక్కాల్సిందే. కానీ పేటెంటు అనేది సమాజం ఇచ్చిన హక్కు. ప్రజలకు అందుబాటు ధరలో మందు దొరకాలన్న షరతు పేటెంట్ల చట్టంలోనే ఉంది. రోగికి మందే అందని చోట ఆ హక్కు వెనక్కి తగ్గాలి. అందుకే కంట్రోలర్ ఇచ్చిన తీర్పు ధర్మబద్ధమైనదే.

నిజానికి ఇళ్లలో నెలనెలా కొనే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మందుల్లో చాలావాటికి పేటెంటు కాలం ఎప్పుడో ముగిసింది. అక్కడ రోగి ఎక్కువగా కడుతున్నది బ్రాండుకే. స్ట్రిప్ మీద బ్రాండు పేరుతో పాటు మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. అనో, అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. అనో అసలు పేరు ఉంటుంది. ఆ పేరు, మోతాదు చెప్పి జన ఔషధి కేంద్రంలో అడిగితే బిల్లు సగానికి పైగా తగ్గడం మామూలే. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కూడా కట్టింది.

మూర్ఛకు, థైరాయిడ్‌కు వాడే మందుల్లో మాత్రం కంపెనీ మార్చే ముందు డాక్టరును అడిగి తీరాలి. ఖర్చుకు వెరచి రోజు విడిచి రోజు మాత్ర వేసుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంత పెట్టలేనని డాక్టరుకు చెప్పండి, చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోండి.