అప్పు తీర్చడానికి దండోరా ఎందుకు?



గుప్తదానం మీద చేసిన వీడియో చూశారు కదా. ఇచ్చిన సంగతి పదిమందికీ చెప్పుకుంటే దాని ఫలం కరిగిపోతుందని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అనే మాట అందులో ఉంది. ఆ స్క్రిప్ట్ రాసినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇప్పుడు ప్రతి కంపెనీ భూమికి తాను చేస్తున్న మేలు గురించి చెబుతూనే ఉంటుంది. షాంపూ సీసా మీద ఆకుపచ్చ ఆకు, డెలివరీ కవర్ మీద మొక్క బొమ్మ, సిమెంట్ యాడ్‌లో జలపాతం. చేసిన మంచి చెప్పుకోకూడదంటే వీళ్లందరిదీ తప్పేనా? పోనీ చెప్పకుండా ఉంటే, చేశారో లేదో మనకి తెలిసేదెలా?

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. మనం దీన్ని దానం అనుకుని ప్రశ్న వేస్తున్నాం. ఇది దానం కాదు, ఋణం.

నదిలోంచి నీళ్లు తోడుకుని, గాల్లోకి పొగ వదిలి, ఆ తర్వాత అందులో కొంత తగ్గించుకున్న కంపెనీ మనకి కొత్తగా ఏమీ ఇవ్వలేదు. తీసుకున్నదాంట్లో కాస్త వెనక్కి పెట్టింది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మనవాళ్లు మూడు లెక్కపెట్టారు. పితృఋణం తీర్చుకున్నానని ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. (మా కాలనీలో ఒకాయన కట్టాడనుకోండి, అది వేరే సంగతి.) అప్పు తీర్చినందుకు సన్మానం ఉండదు. అలాగని అప్పున్నవాడు నోరు మూసుకుని కూర్చోవడానికీ లేదు. ఎంత తీసుకున్నాడో, ఎంత కట్టాడో, ఇంకా ఎంత ఉందో అప్పులవాడికి చూపించాలి. చెప్పడం తప్పా ఒప్పా అన్న గొడవ ఇక్కడ తేలిపోతుంది. ప్రచారం చేసుకునే హక్కు లేదు, లెక్క చెప్పే బాధ్యత ఉంది.

మన చట్టం కూడా దాదాపు ఈ రెండింటినీ విడదీసింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. మనం సీఎస్ఆర్ అంటామే, అది. కంపెనీ మామూలుగా చేసే వ్యాపారంలో భాగమైన పనిని సీఎస్ఆర్‌గా చూపించడానికి వీల్లేదు. అంటే ఒక రంగుల ఫ్యాక్టరీ బడి కట్టించవచ్చు, చెట్లు నాటించవచ్చు. ఆ ఫ్యాక్టరీ నీళ్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్నకి అక్కడ చోటు లేదు. అది ఇంకో పుస్తకంలో ఉంటుంది. సెబీ 2021లో తెచ్చిన బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్ట్ అది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి దాన్ని తప్పనిసరిగా ఇవ్వాలి. కరెంటు, నీళ్లు, చెత్త, ఉద్గారాలు, అన్నీ అంకెల్లో ఉంటాయి.

మనకి కనిపించేది మాత్రం జూన్ 5న టీషర్టులు వేసుకుని మొక్కలు నాటిన ఫొటో. అలాంటి ఒక ఫొటోలో నేను మూడో వరసలో ఉన్నాను కూడా.

భగవద్గీత 16వ అధ్యాయంలో ఆసురీ గుణాలు చెప్పేటప్పుడు మొట్టమొదట వచ్చే పేరు దంభం. కోపం కూడా దాని తర్వాతే. శంకరాచార్యులు భాష్యంలో దానికి ఇచ్చిన అర్థం ధర్మధ్వజిత్వం, అంటే ధర్మాన్ని జెండాలా ఎగరేసుకోవడం. గ్రీన్‌వాషింగ్ అనే మాట 1986లో వచ్చింది. టవల్ మళ్లీ వాడి భూమిని కాపాడమని హోటళ్లు గదుల్లో కార్డులు పెట్టడం గురించి జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవేత్త రాసిన వ్యాసంలోది అది. లాండ్రీ ఖర్చు మిగిలేది హోటల్‌కి, పుణ్యం పేరు భూమికి. ఆ మాటకి తెలుగు కోసం వెతికేవాళ్లకి శంకరుల మాట చాలు, జెండా రంగు ఒక్కటే మారింది.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఫోక్స్‌వ్యాగన్ కథ. అమెరికాలో ఆ కంపెనీ తన డీజిల్ కార్లను 'క్లీన్ డీజిల్' అని అమ్ముకుంది. 2009 జెట్టా టీడీఐకి 'గ్రీన్ కార్ ఆఫ్ ది ఇయర్' అవార్డు కూడా వచ్చింది. 2015 సెప్టెంబర్‌లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అసలు సంగతి బయటపెట్టింది. స్టీరింగ్ తిరుగుతోందా, వేగం ఎంత, ఇంజిన్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, గాలి పీడనం ఎంత అని కారులోని కోడ్ గమనిస్తూ ఉండేది. వాటిని బట్టి ఇది ల్యాబ్‌లో పరీక్షా, నిజంగా రోడ్డా అని పసిగట్టేది. పరీక్ష అయితే పొగ శుభ్రంగా వచ్చేది. రోడ్డెక్కితే నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా. ప్రపంచం మొత్తం మీద దాదాపు 1.1 కోట్ల కార్లు. ఈ గుట్టు కదిలింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకుల వల్ల. కొలిచే పరికరాలు కారులో పెట్టుకుని మామూలు రోడ్ల మీద నడిపి చూశారు, అంతే.

కోడ్ రాసే ఎవరికైనా తెలుసు, ఇది బగ్ కాదు. ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఆ 'ఇఫ్' రాశాడు. ఎవరైనా చూస్తుంటే ఇలా, చూడకపోతే అలా. ఇంకొకరు దాన్ని రివ్యూ చేసి ఉంటారు. సాయంత్రం ఇద్దరూ టీ తాగి ఇంటికి వెళ్లి ఉంటారు. మనస్సాక్షి అనే మాటలో 'సాక్షి' ఎందుకుందో ఈ కథ చదివాకే నేను ఆలోచించాను. బయటి సాక్షి లేచి వెళ్లిపోయాక కూడా ఒకడు మిగులుతాడని ఆ మాట పుట్టించినవాళ్లకి తెలుసు.

అయితే ఇంత పచ్చి మోసం ఎప్పటికైనా దొరుకుతుంది. నాకు పనిలో ఎదురయ్యేది వేరే రకం. కొన్నాళ్ల కిందట మా టీమ్ ఒక క్లయింట్‌కి సస్టైనబిలిటీ డ్యాష్‌బోర్డ్ తయారుచేసింది. ఆ ఏడాది వాళ్ల మొత్తం ఉద్గారాలు పెరిగాయి. అమ్మకాలు అంతకంటే ఎక్కువ పెరిగాయి. కాబట్టి కోటి రూపాయల అమ్మకానికి ఎంత అని భాగిస్తే అంకె తగ్గింది. ఆ తగ్గిన అంకె మొదటి స్క్రీన్‌లో పెద్ద అక్షరాల్లో, ఆకుపచ్చ బాణంతో రావాలన్నారు. మొత్తం అంకె చివర్లో అనుబంధంలోకి వెళ్లాలన్నారు. రెండూ పక్కపక్కన పెడదామని నేనన్నాను. "ఇందులో అబద్ధం ఏముందండీ?" అని అడిగారు. ఏమీ లేదు. రెండంకెలూ నిజమే. వేరు వేరు సైజుల కంపెనీలను పోల్చడానికి ఆ భాగించిన అంకె పనికొస్తుంది కూడా. కాకపోతే గాలికి భాగహారం తెలియదు. దాని మీద పడేది మొత్తమే.

ద్రోణుడితో ధర్మరాజు అన్నదాంట్లో కూడా అబద్ధం లేదు. చచ్చిన ఏనుగు పేరు అశ్వత్థామే. అది ఏనుగని ఆయన చెప్పాడు కూడా, కాకపోతే మెల్లగా. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేల మీదకి దిగిందని భారతం చెబుతుంది. పెద్ద కంపెనీల రిపోర్ట్ ఏది తెరిచినా నేనిప్పుడు ముందు అనుబంధానికి వెళ్తాను, ఏనుగు ఎక్కడుందో చూద్దామని. మా డ్యాష్‌బోర్డ్‌లో అది ఇంకా అక్కడే ఉంది. ప్రతి రివ్యూలో అడుగుతూనే ఉన్నాను.

గట్టిగా చెప్పినవాళ్లూ ఉన్నారు. 2030 కల్లా కార్బన్ నెగటివ్ అవుతానని 2020లో మాటిచ్చిన మైక్రోసాఫ్ట్, తన ఉద్గారాలు 2020తో పోలిస్తే 29 శాతం పెరిగాయని 2024 రిపోర్ట్‌లో రాసింది. గూగుల్ అదే ఏడాది, 2019తో పోలిస్తే 48 శాతం పెరిగాయని రాసింది. 2007 నుంచి చెప్పుకుంటూ వచ్చిన 'కార్బన్ న్యూట్రల్' స్థితిని 2023 నుంచి కొనసాగించడం లేదని కూడా చెప్పింది. రెండింటి వెనకా ప్రధానంగా డేటా సెంటర్లున్నాయి. ఆ ఏఐని పొద్దున లేచింది మొదలు వాడేది మనమే కాబట్టి ఈ బాకీలో మన వాటా కూడా ఉంది. సంతోషించాల్సిన అంకెలు కావు ఇవి. కానీ బాకీ పెరిగిందని అప్పులవాడికి సూటిగా చెప్పడం ఉందే, నేను ఇందాకటి నుంచి అడుగుతున్నది దాన్నే.

ఈ మధ్య దీనికి పూర్తిగా ఎదురు పోకడ ఒకటి మొదలైంది. గ్రీన్‌వాషింగ్ మీద నియమాలు బిగుస్తున్నాయి. మన దేశంలో యాడ్స్ ప్రమాణాల సంస్థ ఏఎస్‌సీఐ మార్గదర్శకాలు 2024 ఫిబ్రవరిలో, వినియోగదారుల హక్కులు చూసే సీసీపీఏవి అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చాయి. 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాట ఆధారం చూపకుండా ఊరికే వాడకూడదు. దాంతో కొన్ని కంపెనీలు ఎందుకొచ్చిన గొడవ అని అసలు ఏమీ చెప్పడం మానేస్తున్నాయి. దీనికి గ్రీన్‌హషింగ్ అని పేరు. "అయితే అది గుప్తదానమే కదరా" అన్నాడు మా ఫ్రెండ్ ఒకడు. వినడానికి బాగుంది. కానీ అప్పులవాడు గుమ్మంలో నిలబడితే లోపల దీపం ఆర్పేసి కూర్చోవడాన్ని మనం వినయం అనం కదా.

ఇంతకీ ఆ అప్పులవాడు ఎవరు? రిపోర్ట్‌లు వెళ్లేది ఇన్వెస్టర్ల దగ్గరికి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేసిన తర్వాతి నీళ్లు, గుర్తుపెట్టుకోండి. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీర వైపు పోయాయి. బాకీ ఉన్నది ఆ వాగుల పక్కన పొలాలున్నవాళ్లకి. వాళ్లకి ఎవరూ ఇంగ్లిష్ పీడీఎఫ్ పంపరు.

వాళ్లకి చెప్పితీరాలని చట్టం పెట్టిన చోటు ఒకటుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన ప్రాజెక్టులన్నీ తమ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. అంటే మనకి తెలుగులో. అలాంటి సారాంశాలు కొన్ని తీసి చదివాను. తెలుగు ప్రతుల్లో 'తగు చర్యలు తీసుకొనబడును' అనే వాక్యం ప్రతి పేజీలోనూ ఎదురైంది. ఒకదాని ఇంగ్లిష్ ప్రతిలో రోజుకి ఎన్ని నీళ్లు తోడతారో పట్టిక ఉంది. తెలుగు ప్రతిలో ఆ పట్టిక లేదు.

ఈసారి మీ జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పేపర్లో కనిపిస్తే ఆ సారాంశం రెండు భాషల్లోనూ తెప్పించుకోండి. పక్కపక్కన పెట్టి చదవండి. అందులో లేని పట్టిక ఏదో కనిపెడితే, ఆ రోజు మైకు దగ్గరికి వెళ్లి అడగడానికి మీరు ఆ ఊరివాళ్లే కానక్కర్లేదు.